ఒక్క చుక్క రంగు

"అన్నా, నేను జెప్పింది పచ్చ. నువ్వు వెట్టిందేంది?"

తిరుమలగిరి చౌరస్తా దగ్గర మా చిన్న గదిలో కూర్చుని, నేను తయారుచేసిన పెండ్లి పిలుపు వెబ్‌పేజీని ఫోన్‌లో చూసుకుంటూ ఒక తమ్ముడు అడిగిన మాట ఇది. నేను పెట్టింది మంచి ఆకుపచ్చ. వానాకాలం నాట్లు కుదురుకున్నాక మార్కెట్ యార్డు దాటి ఏ పక్కకు పోయినా కనిపించే రంగు. అతని మనసులో ఉన్నదేమో పసుపుకొమ్ము. ఇద్దరం పచ్చ అనే అన్నాం, ఇద్దరం సరిగ్గానే అన్నాం. తెలుగులో వరిచేను పచ్చ, కామెర్లు పచ్చ, మేలిమి బంగారమూ పచ్చే. ఒక్క మాట కింద రెండు రంగులు పెట్టుకుని వందల ఏండ్లు హాయిగా బతికిన భాష మనది. చిక్కు వచ్చిందల్లా కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడే.

"మా అమ్మ కొన్న చీర అంచు లెక్క ఉండాలె" అని అతను ఒక బట్టల దుకాణం వెబ్‌పేజీ తెరిచి చూపించాడు. అప్పుడు నేను బ్రౌజర్ పైఅంచున ఉన్న చిన్న బొమ్మ మీద నొక్కాను. కంట్లో మందు చుక్కలు వేసే గొట్టం బొమ్మ అది. ఈ వ్యాసం ఆ గొట్టం గురించే. రోజూ ముప్పై నలభై సార్లు వాడుతూ కూడా దాని పనితనాన్ని నిలబడి చూసింది తక్కువ. ఆ తమ్ముడి పుణ్యమా అని చూశాను.

బ్రౌజర్‌కు తగిలించుకునే ఇలాంటి చిన్న పనిముట్లను ఎక్స్‌టెన్షన్లు అంటారు. రంగు గుర్తుపట్టే ఎక్స్‌టెన్షన్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. వాటిలో పాతకాపు కలర్‌జిల్లా. అలెక్స్ సిరోటా అనే ప్రోగ్రామర్ దాన్ని ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కోసం తయారుచేశాడు. 2004 నాటి సరుకు అది, అంటే ఫైర్‌ఫాక్స్ మొదటి వెర్షన్ వచ్చిన ఏడాదిదే. తరవాత క్రోమ్‌కూ వచ్చింది. ఇన్నేళ్లలో వెబ్‌పేజీల రూపం ఎన్నోసార్లు మారింది గానీ ఈ పనిముట్టు చేసే పని మారలేదు. బాణం గుర్తును పేజీ మీద ఎక్కడ పెడితే అక్కడి రంగు చెబుతుంది. నొక్కితే ఆ రంగు అంకె కాపీ అయి ఉంటుంది, మనకు కావలసిన చోట అతికించుకోవడమే మిగిలిన పని.

వినడానికి ఇంతే. పనితనం ఈ రెండు వాక్యాల మధ్యలో ఉంది.

మొదట అంకె సంగతి. తెర మీద ప్రతి చుక్కా మూడు దీపాల కూటమి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఒక్కో దీపం 0 నుంచి 255 వరకు 256 మెట్లలో వెలుగుతుంది. మూడింటినీ కలిపి చూస్తే 1,67,77,216 రంగులు. వెబ్ పని చేసేవాళ్లు ఈ మెట్లను పది లెక్కన కాకుండా పదహారు లెక్కన, దీపానికి రెండు స్థానాల చొప్పున ఆరు స్థానాల్లో రాస్తారు. 800000 అని ఉందనుకోండి. మొదటి 80 ఎరుపుది. ఎనిమిది పదహార్లు 128, అంటే ఎరుపు సగం మంట మీద ఉంది. ఆకుపచ్చ, నీలం ఆరిపోయి ఉన్నాయి. అది మెరూన్, మన పెండ్లి పత్రికల మీద అన్నిటికంటే ఎక్కువ కనిపించే రంగు. ఈ లెక్క అలవాటైనవాళ్లకు అంకె చూస్తేనే రంగు కళ్లముందు కదులుతుంది, నోరూరించే వంటకం పేరు విన్నట్టు.

ఇక పని జరిగే తీరు. పేజీ ఏ రంగు వాడిందో పేజీ కోడ్‌లోనే రాసి ఉంటుంది కదా, అక్కడ చదువుకుంటే సరిపోదా అనిపించవచ్చు. చాలాసార్లు సరిపోదు. కోడ్‌లో నలుపు అని ఉండవచ్చు, కానీ దాన్ని సగం పారదర్శకంగా తెల్లటి నేల మీద పరిస్తే కంటికి కనిపించేది 128 మెట్టు దగ్గరి బూడిద రంగు. కింద ఫొటో ఉంటే సంగతి ఇంకా మారుతుంది. పులుసులో ఏమేం పడ్డాయో వంటింట్లో అడిగితే తెలుస్తుంది, రుచి తెలియాలంటే మాత్రం గరిటె ముంచాలి. ఈ ఎక్స్‌టెన్షన్ చేసేది ఆ గరిటె పని. మనం నొక్కగానే కనిపిస్తున్న పేజీని బ్రౌజర్ చేత ఒక ఫొటో తీయిస్తుంది. ఆ ఫొటోను కాన్వాస్ అనే కనపడని పలక మీద పరుస్తుంది. బాణం ఏ చుక్క మీద ఉంటే ఆ చుక్క ఎరుపు, ఆకుపచ్చ, నీలం మెట్లను, నాలుగోదిగా పారదర్శకతను అక్కడినుంచి చదువుతుంది. అన్నీ కలిసిపోయాక చివరికి తేలిన రంగు అది. పేజీ పైకో కిందికో జరిగితే పాత ఫొటో పనికిరాదు. మంచి ఎక్స్‌టెన్షన్ మనకు తెలియకుండానే మళ్లీ తీసుకుంటుంది.

చేతిపని తెలిసినవాడు ముందు పట్టు చూస్తాడు. కొడవలైనా కత్తెరైనా పట్టు కుదరకపోతే పదును దండగ. రంగు గొట్టానికి పట్టు దాని భూతద్దం. తెర మీద ఒక చుక్క ఆవగింజ కంటే చిన్నది, బాణం ఒక పిసరు కదిలితే పక్క చుక్క మీద పడతాం. అందుకే బాణం చుట్టూ ఒక గుండ్రటి అద్దం తెరుచుకుంటుంది. అందులో చుట్టుపక్కల చుక్కలు పెద్ద పెద్ద గడులుగా, గళ్ల లుంగీ పరిచినట్టు కనిపిస్తాయి. నట్టనడిమి గడికి మాత్రం అంచు గీసి ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో పుట్టుకతోనే ఉన్న రంగు గొట్టం ఇంకో మెట్టు పైకి పోయింది. మౌస్ వణుకుతుంటే వదిలేసి, కీబోర్డు మీది బాణం మీటలు నొక్కవచ్చు. ఒక్కో నొక్కుకు సరిగ్గా ఒక్క చుక్క జరుగుతుంది, షిఫ్ట్ పట్టుకుంటే పది చుక్కలు. చేయి నిలవని పెద్దవాళ్లకు కూడా ఈ పని అందాలని ఎవరో కూర్చుని ఆలోచించారు. వాళ్లెవరో తెలియదు గానీ ఆ ఆలోచన తెరిచిన ప్రతిసారీ చేతికి తగులుతుంది.

ఆ అద్దంలోంచి ఒకసారి అక్షరాలను చూడండి. నల్లటి అక్షరం నల్లగా ఉండదు. మెట్లు మెట్లుగా కనిపించకుండా ఉండేందుకు కంప్యూటర్ అక్షరం అంచున సగం నలుపు, పావు నలుపు చుక్కలు పూస్తుంది. విండోస్ కంప్యూటర్లలో తరచుగా ఆ అంచుల మీద నారింజ, నీలం ఛాయలు కూడా కనబడతాయి. ఒక్కో చుక్కలోని మూడు దీపాలను విడివిడిగా వాడుకుని గీతను నున్నగా చేసే కిటుకు అది. మన లిపికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. తెలుగు అక్షరం అంతా వంపులు. చిన్న సైజులో ఒక గుడి, ఒక తలకట్టు, ఒక వత్తు తీసుకుంటే వాటిలో పూర్తి రంగు ఉన్న చుక్క ఒక్కటీ దొరక్కపోవచ్చు, అన్నీ అంచు చుక్కలే. అక్కడ గొట్టం పెడితే ముదురు మెరూన్ రాత కూడా వెలిసిన గులాబీ అని చెబుతుంది. అది అబద్ధం ఆడలేదు, మనమే తప్పు చుక్కను అడిగాం. పేజీని రెండు మూడింతలు పెద్దది చేసి, అక్షరం కడుపు లావుగా ఉన్న చోట నొక్కితే అసలు రంగు దొరుకుతుంది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఎక్కడ వెతికినా దొరకని ఒక గులాబీ రంగు వెంట ఒక సాయంత్రమంతా తిరిగాక తెలిసింది.

అంచు దగ్గర రంగు చెదరడం ఉమ్మడి నల్లగొండ వాళ్లకు కొత్తేమీ కాదు. పోచంపల్లి, పుట్టపాక మగ్గాల మీద నేసే చిటికి చీరల అందమంతా ఆ చెదురులోనే ఉంది. అక్కడ బట్ట నేశాక రంగు అద్దరు. నూలును ముందే లెక్క ప్రకారం కట్లు కట్టి రంగులో ముంచుతారు. కట్టు ఉన్న చోట రంగు ఎక్కదు. సైకిల్ ట్యూబును సన్నటి పట్టీలుగా కోసి కట్టే కట్లు అవి, బిగువుగానే ఉంటాయి. అయినా కట్టు అంచున రంగు ఒక వెంట్రుకవాసి లోపలికి పాకుతుంది. నేసేటప్పుడు పోగులు ఒకదాన్నొకటి ఒక పిసరు తప్పుతాయి. అందుకే చిటికి పువ్వుకు గీసినట్టుండే అంచు రాదు, నీళ్లలో నీడలా కదులుతుంది. పోచంపల్లి చీర ఫొటో మీద భూతద్దం పెట్టి చూస్తే తెలుపుకూ ఎరుపుకూ నడుమ ఐదారు రకాల చుక్కలు వరుసగా దిగుతుంటాయి. అక్షరం అంచున కంప్యూటర్ లెక్క కట్టి పూసిన చుక్కలు, చీర అంచున నూలు తనంతట తాను తాగిన చుక్కలు, అద్దంలో అన్నదమ్ముల్లా ఉంటాయి.

పుట్టపాక తేలియా రుమాలు సంగతి ఇంకా ముచ్చటైనది. ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడే దాని రంగులు. ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ నూనెలోనూ నూలును రోజుల తరబడి నానబెట్టి పిసికితే తప్ప ఆ ఎరుపు నూలును పట్టుకోదు. తేలియా అన్న పేరు ఆ నూనె వల్ల వచ్చిందే. ఆ బట్టకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి నేతకారులు గజం గోవర్ధన 2011లో, గజం అంజయ్య 2013లో పద్మశ్రీ అందుకున్నారు. అలాంటి ఎరుపు మీద గొట్టం పెట్టి ఆరంకెల పేరు తీసుకున్నప్పుడల్లా నాకు కొంచెం మొహమాటంగా ఉంటుంది. వాళ్లు రోజుల తరబడి నూనెలో పిసికిన రంగు, నాకు ఒక నొక్కుకు వచ్చేసింది. నిజానికి వచ్చింది ఫొటోలోని ఎరుపు మాత్రమే.

ఇక్కడే ఈ పనిముట్టులో నాకు ఎక్కువ నచ్చిన గుణం ఉంది: తనకు తెలియనిది చెప్పదు. తెర మీద ఆ క్షణంలో ఆ చుక్క ఏ రంగులో ఉందో అంతే చెబుతుంది. దాని వెనక ఉన్న చీర రంగు, రాయి రంగు, మనిషి రంగు తనకు తెలుసనదు. ఫొటో తీసినవాడు ఎండలో తీశాడా, ట్యూబులైటు కింద తీశాడా, కెమెరా తెలుపును ఎలా అర్థం చేసుకుంది, ఇవన్నీ ఆ అంకెలో కలిసిపోయి ఉంటాయి. మాకు దగ్గరలోనే ఉన్న ఫణిగిరి బౌద్ధ క్షేత్రంలో సున్నపురాయి తోరణం శిల్పాలు దొరికాయి. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తొలినాటి భారతీయ బౌద్ధ కళ మీద పెట్టిన ప్రదర్శనలో ఫణిగిరి శిల్పాలూ ఉన్నాయి. ఇక్కడ కొండ మీద ఎండలో ఫోన్‌తో తీసిన ఫొటోలో ఆ రాయి గోధుమ ఛాయలోకి పోతుంది. మ్యూజియం దీపాల కింద తీసిన ఫొటోలో చల్లటి బూడిద ఛాయలోకి జారుతుంది. రెండు ఫొటోల మీద గొట్టం పెడితే రెండు అంకెలు వస్తాయి, రెండూ నిజమే. రాయి రంగు ఏదంటే మళ్లీ కొండెక్కి చూడాల్సిందే.

ఇంకో చిన్న పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. రాత్రిపూట కళ్లకు హాయిగా ఉండాలని కంప్యూటర్‌లో నైట్ లైట్ పెట్టుకుంటాం. తెరంతా దీపం వెలుతురులా పచ్చబారుతుంది. అప్పుడు తెల్లటి పేజీ మీద గొట్టం పెట్టండి. మూడు దీపాలూ 255, అచ్చమైన తెలుపు అంటుంది. ఆ పసుపు ఛాయ ఫొటో తీసిన తరవాత, తెర దగ్గర కలిసేది. కాబట్టి మన కన్ను చూసేదాన్ని పనిముట్టు చూడదు, పనిముట్టు చూసేదాన్ని కన్ను చూడదు. ఈ తేడా తెలియక రాత్రి పన్నెండింటికి రంగులు సరిచేసి, పొద్దున చూసి తలపట్టుకున్న రోజులు నాకున్నాయి.

నెమలికంఠం చీర ముందు గొట్టం పూర్తిగా చేతులెత్తేస్తుంది. గద్వాల, నారాయణపేట చీరలు కట్టే ఇళ్లలో ఈ రంగు పేరు తెలియనివాళ్లుండరు. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. బట్ట కదిలితే నీలం మెరుస్తుంది, మడత పడితే ఆకుపచ్చ మెరుస్తుంది. అద్దంలో చూస్తే ఒక గడి నీలం, పక్క గడి ఆకుపచ్చ, ఆ పక్కది రెండూ కానిది. ఏ చుక్క అంకె రాసుకున్నా అది నెమలికంఠం కాదు. ఫొటోషాప్ లాంటి వాటిలో ఒక్క చుక్కకు బదులు 3 చుక్కల చదరమో, 5 చుక్కల చదరమో తీసుకుని సగటు చెప్పించవచ్చు. మచ్చలున్న గోడకు, గరుకు రాయికి, కుదించిన ఫొటోకు అది బాగా పనికొస్తుంది. నెమలికంఠానికి సగటు తీస్తే మాత్రం మిగిలేది చెరువు నాచు. ఆ రంగు రెండు రంగుల మధ్య కదలికలో ఉంది. అది కావాలంటే రెండు అంకెలూ తీసుకుని పేజీ మీద పక్కపక్కన పెట్టుకోవాలి, నేతగాడు చేసినట్టే.

పేర్ల కంటే అంకెలే మేలని ఇలాంటప్పుడు అనబోతాం గానీ, పేర్ల కథ కూడా సరదాగానే ఉంటుంది. వెబ్‌పేజీలు రాసే సీఎస్ఎస్ భాషలో రంగులకు 148 ఇంగ్లిషు పేర్లున్నాయి. అందులో 'గ్రే' అనేది 128 మెట్టు మీద ఉంటే, 'డార్క్ గ్రే' 169 మీద ఉంటుంది. అంటే ముదురు బూడిద మామూలు బూడిద కంటే లేతగా ఉంది! పాత పద్ధతుల పేర్లు రెండు చోట్లనుంచి వచ్చి ఒక్క జాబితాలో కలిసినప్పుడు పుట్టిన పొరపాటు అది, ఇప్పటికీ అలాగే నడుస్తోంది. అదే జాబితాలో 663399 అంకెకు 'రెబెక్కా పర్పుల్' అని పేరుంది. వంకాయకు దగ్గరి ఊదా రంగు. సీఎస్ఎస్ మీద పుస్తకాలు రాసిన ఎరిక్ మేయర్ కూతురు ఆరేళ్ల వయసులో 2014లో చనిపోయింది. ఆ పాపకు ఇష్టమైన రంగుకు ఆమె పేరు పెట్టి, తోటి వెబ్ నిపుణులు దాన్ని భాషలోనే చేర్చారు. గొట్టం మాత్రం అక్కడ నొక్కితే 663399 అనే చెబుతుంది.

మన పేర్లు ఇంకో దారిలో నడిచాయి. చిలకపచ్చ, వంకాయ రంగు, కనకాంబరం రంగు, ఉల్లిపొర రంగు, ముక్కుపొడుం రంగు, ఇటుక రంగు, మెంతి రంగు. చీరల అంగట్లో ఈ మాటలు పడితే చాలు, కొట్టువాడు సరైన మడత లాగుతాడు. ప్రతి పేరూ ఒక వస్తువును చూపించే వేలు. వస్తువు చూసినవాడికి రంగు తెలుస్తుంది. కనకాంబరం చూడని పిల్లవాడికి ఏ పేరూ ఎక్కదు. మా ఉమ్మడి జిల్లా పేరులోనే ఈ తగువు ఉంది. నల్లగొండకు పాతపేరు నీలగిరి అంటారు. ఒకే కొండ, ఒకరి నోట నీలం, ఇంకొకరి నోట నలుపు. దూరం నుంచి పొద్దుగూకే వేళ చూస్తే ఇద్దరూ నిజమే చెప్పారనిపిస్తుంది.

పనికొచ్చే సంగతి ఒకటి చెప్పకపోతే పరిచయం పూర్తికాదు. రంగు పట్టుకోవడం అందం కోసమే కాదు, చదవగలగడం కోసం కూడా. వెబ్ అందరికీ అందాలన్న ప్రమాణాల ప్రకారం, మామూలు సైజు రాతకూ వెనక నేలకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కు 1 ఉండాలి. తెలుపు మీద నలుపు 21కి 1. ఇప్పుడు తెల్లటి పేజీ మీద 777777 బూడిదతో రాస్తే 4.48 దగ్గర ఆగిపోతుంది, గీత దాటలేదు. ఒక్కో దీపాన్ని ఒక్క మెట్టు తగ్గించి 767676 చేస్తే 4.54, గట్టెక్కింది. కంటితో ఈ రెండు బూడిదలకు తేడా చెప్పగల మొనగాడు నాకింకా తగల్లేదు. గొట్టం చెబుతుంది. మార్కెట్ యార్డులో వడ్ల రాశి పక్కన నిలబడి, నడినెత్తిన ఎండలో ఫోన్ ఎత్తిపట్టి ధర చదువుకునే రైతుకు ఈ గీత విలువ తెలుసు. ఎరుపూ ఆకుపచ్చా వేరు చేయలేని కళ్లున్నవాళ్లకైతే ఈ అంకే కర్ర సాయం.

జాగ్రత్త కూడా ఒకటి ఉంది. పేజీని ఫొటో తీయగలిగిన ఎక్స్‌టెన్షన్ ఆ పేజీలో ఏముందో కూడా చూడగలదు. అందుకే పెట్టుకునేటప్పుడు బ్రౌజర్ హెచ్చరిస్తుంది. ఆ మాట చదవకుండా సరే అనకూడదు. ఎవరు తయారుచేశారో, ఎన్నాళ్లనుంచి ఉందో చూసుకోవాలి. 2021 అక్టోబరులో వచ్చిన క్రోమ్ 95 నుంచి వెబ్‌పేజీల కోసం కూడా రంగు గొట్టం బ్రౌజర్ లోపలే ఉంది. ఏ వెబ్‌పేజీ అయినా దాన్ని అడిగి వాడుకోవచ్చు, కానీ మనం స్వయంగా తెరిచి ఒక చుక్క మీద నొక్కితే తప్ప ఒక్క రంగూ ఆ పేజీ చేతికి పోదు. ఇంటికొచ్చినవాడు అడిగిన గ్లాసెడు నీళ్లు మనమే తెచ్చి ఇవ్వడం లాంటిది, వంటింటి తాళం ఇవ్వడం కాదు.

ఆ తమ్ముడి చీర అంచు మీద గొట్టం పెట్టాను. జరీ మెరుపు పడిన చోటు వదిలి, మడత నీడ వదిలి, బట్ట చదునుగా ఉన్న చోట ఆగాను. ఎరుపు 227, ఆకుపచ్చ 160, నీలం 28. పక్క చుక్క కొంచెం ముదురు, ఆ పక్కది కొంచెం లేత. ఫొటోను కుదించేటప్పుడు చుక్కల రంగులు ఒక పిసరు అటూ ఇటూ చెదురుతాయి, అందుకే పక్కపక్క చుక్కలు కూడా తరచుగా ఒక్కటి కావు. నాలుగైదు చోట్ల నొక్కి, నడిమిది తీసుకుని పేజీకి పూశాను.

"గిదే అన్నా, పచ్చ అంటే గిదే" అన్నాడు. మరునాడు వాళ్లమ్మ చీరనే తీసుకుని వచ్చింది. గుమ్మం దగ్గర ఎండలో అంచు పరిచి, ఫోన్ పక్కన పెట్టి చూసింది. "ఇంకొంచెం పసుపు దగ్గాలె బిడ్డా" అంది. ఆకుపచ్చ దీపాన్ని నాలుగు మెట్లు దించాను. తలూపింది.

కలర్‌జిల్లాలో ఇటీవల పట్టుకున్న రంగులన్నీ వరుసగా చిన్న గడులై నిలిచి ఉంటాయి. ముహూర్తాల నెలలో ఆ వరుస మా ఊరి పెండ్లిండ్ల చిట్టాలా ఉంటుంది: మెరూన్ ఇద్దరిది, చిలకపచ్చ ఒకరిది, ఉల్లిపొర ఒకరిది. ఆ తమ్ముడి పచ్చ మాత్రం అందులో కనబడదు. గొట్టం పట్టిన 160 ఉంది గానీ, వాళ్లమ్మ దించిన నాలుగు మెట్లు నేను చేత్తో రాసుకున్నవి.